అత్తయ్య రాయకుండా వదిలేసిన ప్రసంగం

మా నాన్నకు అక్క, అంటే మా మేనత్త, బ్యాంకర్ల సంఘంలో షార్ట్‌హ్యాండ్ రాసేది. సంఘం వాళ్లు నెలకోసారి తమ పెద్ద హాల్లో మధ్యాహ్న భోజనం చేసి, ఆ తర్వాత ఎవరో ఒక ప్రముఖుణ్ణి పిలిచి మాట్లాడించేవారు. ఆయన మాట్లాడినంతసేపూ అత్తయ్య వేదిక కింద చిన్న బల్ల దగ్గర కూర్చుని గీతలూ కొక్కేలూ గీసేది. మర్నాడు వాటిని టైపు కొట్టేది. అది ఒక చిన్న పుస్తకంగా అచ్చయి సభ్యులందరికీ వెళ్లేది. వాళ్లెవరూ దాన్ని తెరిచిన పాపాన పోయేవారు కాదు.

"ఎవరూ చదవనిదానికి అంత చాకిరీ ఎందుకు వదినా?" అని అమ్మ అడిగితే, "చదవరు కాబట్టే నా ఉద్యోగం హాయిగా ఉంది" అనేది అత్తయ్య.

ఆఫీసులో ఆవిడ మొహం సెలవురోజు దుకాణంలా మూసి ఉండేదట. అక్కడ అందరూ ఆవిణ్ణి "గీతలమ్మ" అని పిలిచేవారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక మాత్రం ఆ దుకాణం తలుపులు బార్లా తెరుచుకునేవి. ఆ రోజు మాట్లాడినాయన ఎలా దగ్గాడో, ఎలా నీళ్లు తాగాడో, "ఇక ముగిస్తాను" అన్నాక ఇంకెంతసేపు వాయించాడో మొత్తం మాకు చేసి చూపించేది. నాన్న ట్రాము డ్రైవరు. రోజంతా నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నా, అక్క అభినయం అయ్యేదాకా పడుకునేవాడు కాదు.

ప్రసంగం మధ్యలో జనం నవ్వితే "నవ్వులు" అనీ, చప్పట్లు కొడితే "చప్పట్లు" అనీ కుండలీకరణాల్లో రాయడం కూడా ఆవిడ పనే. ఆ పని మాత్రం ఎప్పుడూ తేలిగ్గానే ఉండేది. బ్యాంకర్లు నవ్వరు. చప్పట్లు కొట్టడం వాళ్లకు తెలియదని కాదు గానీ, వేళ్ల కొసలతో అరచేతిని అలా అలా తాకించేవారు, చేతికంటిన పిండి దులుపుకున్నట్టు. ఆర్థిక మంత్రి స్వయంగా వచ్చి మాట్లాడినప్పుడు కూడా అంతే. ఆ రోజు "చప్పట్లు" అని రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, మంత్రిగారి మీద జాలితో రాశానంది అత్తయ్య.

యుద్ధం మొదలయ్యాక సంఘం భోజనాల్లో వంటకాలు తగ్గాయి, ప్రసంగాలు పెరిగాయి. రాత్రిపూట విమానాలకు వెలుతురు కనపడకుండా కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించారు. ఊళ్లో కాలేజీ చదువుల కుర్రాళ్లలో చాలామంది సైన్యంలోకి వెళ్లిపోయారు. మా పెద్దన్నయ్య కూడా మొదటి సంవత్సరం మధ్యలో పుస్తకాలు అటక మీద పెట్టేసి వెళ్లాడు. తర్వాత క్షేమంగానే తిరిగొచ్చాడు, మీరేం కంగారు పడకండి. కానీ ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు కదా. వాణ్ణి చిన్నప్పట్నుంచీ చంక దింపకుండా పెంచింది అత్తయ్యే. వాడి గురించి అమ్మ ఏడిస్తే, అత్తయ్య వాడి గొంతుతో "అమ్మా, ఆకలేస్తోందే" అని అరిచి నవ్వించేది. తను ఎప్పుడు ఏడ్చేదో మేం చూడలేదు.

ఆ రోజుల్లోనే బ్యాంకర్ల సంఘం ప్రభుత్వానికి ఒక సిఫారసు పంపింది. విద్యార్థులు లేక విశ్వవిద్యాలయంలో గదులు ఊరికే పడి ఉన్నాయి కాబట్టి, లాభం లేని విభాగాలను యుద్ధం అయ్యేదాకా మూసేసి, ఆ భవనాలను గిడ్డంగులుగా అద్దెకివ్వాలని. విశ్వవిద్యాలయ అధ్యక్షులు దానికి జవాబు చెప్పుకుంటామని కబురు పెట్టారు. మర్యాదకు కాదనలేక సంఘం వాళ్లు ఆయన్ని ఆ నెల భోజనానికి పిలిచారు.

"ముసలాయన విరాళం అడుగుతాడు. అందరూ మొహాలు దించుకుని పళ్లెం చూస్తారు. చిన్న ప్రసంగమే" అని పొద్దున్నే పెన్సిళ్లు చెక్కుకుంటూ అంది అత్తయ్య.

అధ్యక్షులవారు పొడుగాటి మనిషి. ఎప్పుడో వృక్షశాస్త్రం చెప్పేవారు. భోజనం అయింది, బల్లలు తుడిచారు, సంఘం అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్ద బ్యాంకరు లేచి గొంతు సవరించుకుని ఆయన్ని పరిచయం చేశారు. ఈ పెద్ద బ్యాంకరు గొంతు సవరించుకోకుండా ఒక్క మాట కూడా మాట్లాడరు. వెనకాల అందరూ ఆయన్ని "సవరింపుగారు" అనే అనుకునేవారు. ఇద్దరు పెద్దలూ అధ్యక్షులే కాబట్టి నేనిక ఈయన్ని సవరింపుగారనే అంటాను. కథ నడవాలి మరి.

విశ్వవిద్యాలయం ఆయన లేచి జేబులోంచి కాగితాల కట్ట తీశారు. ఇంకో జేబులోంచి కళ్లజోడు తీశారు. దానికి ఒక అద్దం లేదు. రెండోది ఉంది గానీ సాలెగూడులా పగిలిపోయి ఉంది. కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూశారు. చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశారు. కాసేపు తలకిందులుగా కూడా చూశారని అత్తయ్య ఒట్టేసి చెప్పేది.

"క్షమించాలి. వచ్చేటప్పుడు ట్రాము గట్టిగా బ్రేకు వేస్తే నేను ముందుకు పడ్డాను, కళ్లజోడు నా కింద పడింది. ఇప్పుడు ఈ కాగితాల్లో ఏముందో నాకు కనపడటం లేదు. రాసింది నేనే కనుక, మీకేమీ నష్టం లేదని మాత్రం హామీ ఇవ్వగలను."

ఎవరో ముక్కుతో నవ్వారు. అత్తయ్య పెన్సిలు "నవ్వులు" అని గీసేసింది.

"మీ మొహాలు కూడా కనపడటం లేదు. అదీ మంచిదే. నా గదులకు తాళాలు వెయ్యమన్న పెద్దలు మీరేనని తెలుసు. మొహాలు కనిపిస్తే మొహమాటపడేవాణ్ణి."

అప్పుడు సవరింపుగారు ఇబ్బందిగా కదిలి, అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నారు.

విశ్వవిద్యాలయం ఆయన చెయ్యెత్తారు. "ఆగండాగండి. ఈ గొంతు నాకు తెలుసు. కిటికీ పక్క బెంచీ! ఆకు పచ్చగా ఎందుకుంటుందోయ్ అని అడిగితే లేచి నిలబడి ఇలాగే సవరించుకున్నావు. జవాబు వస్తుందేమోనని గంట కొట్టేదాకా చూశాను. ఇంకా సవరించుకోవడం అవలేదా నాయనా?"

హాలంతా బిక్కచచ్చిపోయింది. సవరింపుగారిని ఏకవచనంతో పిలిచేవాళ్లు ఆ ఊళ్లో ఆయన అత్తగారు ఒక్కరే. ఆయన మొహం ఎర్రబడింది, బుగ్గలు ఉబ్బాయి, భుజాలు కదిలాయి. ఉన్నట్టుండి బల్ల మీద తల ఆనించి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వేసరికి ఇంక మిగతావాళ్లకు అడ్డేముంది? నవ్వు కట్టలు తెంచుకుంది. ఒకాయన కుర్చీతో సహా వెనక్కి పడబోతే పక్కాయన పట్టుకున్నాడు. ఆ పక్కాయనా నవ్వుతున్నాడు కాబట్టి ఇద్దరూ కలిసే పడ్డారు.

తమాషా ఏమిటంటే, అక్కడున్న వాళ్లలో సగం మంది ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లందరికీ ఇప్పుడు తామూ ఆయనకు గుర్తుండాలన్న కోరిక పుట్టింది. ఈ మూల నుంచి ఒకాయన కావాలని దగ్గాడు. "నువ్వా! పరీక్షలో పువ్వు బొమ్మ గియ్యమంటే కాలీఫ్లవర్ గీసినవాడివి!" అన్నారు మాస్టారు. ఆ మూల నుంచి బట్టతలాయన "నేను సార్, నేను!" అన్నాడు. "నీ గొంతు గుర్తులేదు. తరగతిలో ఎప్పుడూ నిద్రపోయేవాడివి అయ్యుంటావు. ఏదీ, గురక పెట్టు" అన్నారు. ఆయన నిజంగానే గురక పెట్టాడు! ఊరంతటికీ అప్పులిచ్చే మనిషి, కోటు బొత్తాలు పెట్టుకుని మరీ గురక పెట్టాడు. "ఆఁ! గుర్తొచ్చావు!" అన్నారు మాస్టారు. వంటగదిలోంచి వంటమనిషి గరిటెతో సహా వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది.

అత్తయ్య మూసిన దుకాణం అక్కడే తెరుచుకుంది. కళ్లనీళ్లు కారుతుంటే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనపడలేదు. కాగితం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క పెద్ద వంకర గీత పోయింది. షార్ట్‌హ్యాండ్‌లో దానికి అర్థం లేదు.

నవ్వులు కాస్త తగ్గాక మాస్టారి గొంతు మారింది.

"మీరు మూసెయ్యమన్న విభాగాల్లో మొదటిది ప్రాచీన భాషలు. మొన్న ఆ గది ముందునుంచి వెళ్తున్నాను. లోపల ఉన్నది ఒక్క అమ్మాయి. ముందు బెంచీలో కూర్చుని ఉంది. మా పంతులుగారు మాత్రం గది అదిరిపోయేలా పాఠం చెబుతున్నారు. బయటికొచ్చాక అడిగాను, ఒక్క పిల్లకు అంత గొంతు చించుకోవడం దేనికండీ అని. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. 'అదేమిటండీ, వెనక బెంచీల వాళ్లకు వినపడొద్దూ?' అన్నారు."

ఎవరూ నవ్వలేదు.

"ఆ వెనక బెంచీల వాళ్లు ఇప్పుడెక్కడున్నారో మీకు తెలుసు. మీ పిల్లలూ ఉన్నారు వాళ్లలో. ఒకరోజు తిరిగొస్తారు. తలుపు తోసుకుని వచ్చి, పాఠం ఎంతదాకా వచ్చింది సార్ అని అడుగుతారు. అప్పుడు ఏం చెప్పమంటారు నన్ను? గది అద్దెకిచ్చేశాం బాబూ అని చెప్పమంటారా?"

అటక మీది పుస్తకాలు అత్తయ్యకు ఒక్కసారి కళ్లముందు కనపడ్డాయట. పెన్సిలు చేతిలోంచి జారి వేదిక కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతకాలన్న ఆలోచనే రాలేదు. మాస్టారు ఇంకా చాలా చెప్పారు. మళ్లీ నవ్వించారు, మళ్లీ కళ్లు తుడుచుకునేలా చేశారు. చివర కూర్చునేసరికి అత్తయ్య లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ బారచాపి, పాత దుప్పటి దులిపినట్టు ఫెళఫెళా చప్పట్లు కొడుతోంది. అందరికన్నా ముందు మొదలుపెట్టింది ఆవిడేనో కాదో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఆ క్షణంలో హాలంతా లేచింది. బ్యాంకర్లు వేళ్ల కొసలు మరిచిపోయి అరచేతులు వాచేలా కొట్టారు. చెంచాలతో గ్లాసుల మీద కొట్టారు. నేప్‌కిన్లు ఎగరేశారు. ఒక నేప్‌కిన్ వచ్చి మాస్టారి తలమీద పడితే, అదేమిటో కనపడక ఆయన దానికి నమస్కారం పెట్టారు. చప్పట్లు ఇంకోసారి మిన్నంటాయి. వీధిలో వెళ్లేవాళ్లు యుద్ధం అయిపోయిందేమో అనుకుని లోపలికి తొంగిచూశారట.

సాయంత్రం అత్తయ్య ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందక్కా? ఏం చెప్పాడాయన?" అన్నాడు నాన్న.

"అబ్బ, భలే చెప్పాడ్రా!"

"అదే, ఏం చెప్పాడని?"

"అంతా చెప్పలేన్రా, ఒక్కోటీ ఎగిరిపోయింది! గురక పెట్టించాడ్రా! నమస్కారం పెట్టాడ్రా నేప్‌కిన్‌కి!" అని మళ్లీ నవ్వు. అమ్మ మంచినీళ్లు ఇస్తే అవి కూడా పొలమారాయి. మెల్లగా ముక్కలు ముక్కలుగా చెబుతూ, కళ్లజోడు విరిగిన సంగతికి వచ్చింది. నాన్న తినబోతున్న ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏ ట్రాము అన్నాడు?"

"ట్రాము అన్నాడు, అంతే. గట్టిగా బ్రేకు వేశారట."

"పొడుగ్గా ఉంటాడా? నల్ల గొడుగు?"

"ఆఁ."

నాన్న ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "కుక్క అడ్డొచ్చిందే అక్కా! నేనేం చెయ్యను!"

మేం అందరం పడీ పడీ నవ్వాం. నాన్న మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఆలోచించాడు. అన్నం తినడం అయ్యేసరికి, ఆ ప్రసంగం అంత బాగా రావడానికి అసలు కారణం తనేనని తేల్చేశాడు. "కాగితం చూసి చదివితే ఎవడు వింటాడు? నేను బ్రేకు వేశాను కాబట్టి మాట్లాడాడు" అని చాలా ఏళ్లపాటు ట్రాములో ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు.

మర్నాడు పొద్దున అత్తయ్యకు నవ్వు దిగింది, భయం ఎక్కింది. టైపు మిషను ముందు కూర్చుంటే టైపు చెయ్యడానికి ఏముంది, వంకర గీత తప్ప? సంఘం కార్యదర్శి వచ్చి అడిగారు. ఆయన సన్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉండే మనిషి.

"నిన్నటి ప్రసంగం ఎప్పటికి అవుతుందమ్మా?"

"రాయలేదండీ."

"రాయలేదంటే?"

"చేతులు ఖాళీ లేవండీ. చప్పట్లు కొట్టాను."

నిన్న కార్యదర్శి కూడా చప్పట్లు కొట్టారు, అది అత్తయ్య చూసింది. అందుకని తిట్టడానికి ఆయనకూ నోరు రాలేదు. మాస్టారి దగ్గర నుంచి రాతప్రతి తెప్పించి అదే అచ్చేద్దామన్నారు. తెప్పించారు. "యుద్ధకాలంలో ఉన్నత విద్య: కొన్ని పరిశీలనలు" అని ఉంది పైన. సవరింపుగారు మొదటి పేజీ చదివి ఆవలించి పక్కన పడేశారు. "ఇది కాదయ్యా మేం విన్నది. మేం విన్నది కావాలి!"

అలా మొదలైంది అసలు వినోదం. ప్రసంగం విన్న బ్యాంకర్లందరినీ మళ్లీ హాల్లోకి పిలిచారు. ఎవరికి గుర్తున్నంత వాళ్లు చెప్పాలి, అత్తయ్య రాసుకోవాలి. అందరికీ అన్నీ గుర్తున్నాయి, ఏ ఇద్దరికీ ఒకేలా గుర్తులేవు. కాలీఫ్లవర్ గీసినాయన, మాస్టారు అన్నది గులాబీ అని వాదించాడు. "గులాబీ అయితే ఆయనెందుకు గుర్తుపెట్టుకుంటాడయ్యా?" అని మిగతావాళ్లు కాలీఫ్లవరే ఖాయం చేశారు. బట్టతలాయన గురక ఏ శ్రుతిలో పెట్టాడో తేలక మళ్లీ పెట్టించారు. సవరింపుగారు మాస్టారి వేషం తనే కట్టి, పగిలిన కళ్లజోడుకు బదులు చెంచా పట్టుకుని కుర్చీ ఎక్కారు. అయితే ఆయన మాస్టారయితే సవరింపుగారి వంతు ఎవరు చెయ్యాలి? చివరికి అది కార్యదర్శి చేశారు, ఎంత బాగా చేశారంటే ఇన్నాళ్లూ ఒంటరిగా సాధన చేశారని అందరికీ తెలిసిపోయింది.

వెనక బెంచీల దగ్గరికొచ్చేసరికి మాత్రం వాదన లేదు. ఆ మాటలు అందరూ ఒకేలా చెప్పారు, మెల్లగా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. అత్తయ్య తలెత్తకుండా రాసుకుంది.

మొత్తం టైపు చేసి మాస్టారికి చూపించారు. కొత్త కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారాయన. "ఇంత బాగా మాట్లాడానా నేను?" అని మురిసిపోయారు. ఒకచోట ఆగారు.

"‘యుద్ధం లాక్కునేవి ఎలాగూ లాక్కుంటుంది. అది అడగనివి కూడా మనమే తీసుకెళ్లి దాని చేతిలో పెట్టడం దేనికి?’ ఇది నేనన్నది కాదే!"

అందరూ ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. ఎవరు చెప్పారో అత్తయ్యకు తెలుసు. బీమా కంపెనీ ఆయన. సంఘంలో చేరినప్పటి నుంచీ "ఉప్పు ఇటు అందిస్తారా" తప్ప ఇంకోమాట ఎరగని మనిషి. ఆయన హాలు పైకప్పు వైపు చూస్తున్నాడు, చెవులు మాత్రం దానిమ్మ గింజల్లా ఎర్రగా అయిపోయాయి.

"నేను అనలేదు గానీ, అని ఉండాల్సింది. ఉంచండి" అన్నారు మాస్టారు. అప్పుడు అందరూ బీమా ఆయన వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆయన లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, తనూ చప్పట్లు కొట్టుకున్నాడు.

సిఫారసు వెనక్కి తీసుకున్నారు. గదులు గిడ్డంగులు కాలేదు. పుస్తకం మొదటిసారి వేసింది చాలక మళ్లీ అచ్చేశారు. బ్యాంకర్లు దాన్ని సైన్యంలో ఉన్న తమ పిల్లలకు పంపారు. మేం పెద్దన్నయ్యకు పంపాం. "నాన్న బ్రేకు సంగతి ఇందులో లేదేం?" అని వాడు రాశాడు.

ఒకసారి రుచి తగిలాక బ్యాంకర్లు చప్పట్లు ఇంక మానలేకపోయారు. తర్వాతి నెల బొగ్గు పంపిణీ అధికారి వచ్చి "ఈ చలికాలం బొగ్గు సగమే ఇస్తాం" అన్నాడు. ఉరుములా చప్పట్లు మోగాయి. పాపం ఆయన తనను వెక్కిరిస్తున్నారనుకుని, ముప్పావు ఇస్తామని అప్పటికప్పుడు మాట మార్చాడు. దాంతో ఇంకా గట్టిగా కొట్టారు.

అత్తయ్య ఉద్యోగం పోలేదు సరికదా, ఆవిడకు కొత్త సరదా ఒకటి పట్టుకుంది. ఆఫీసుకు వెళ్లేముందు పొద్దున్నే విశ్వవిద్యాలయానికి వెళ్లి ప్రాచీన భాషల తరగతిలో చేరింది. దానితో ఆ తరగతి బలం రెట్టింపయింది.

"ఈ వయసులో అదెందుకు వదినా? ఎక్కడ పనికొస్తుంది?" అంది అమ్మ.

"ఎక్కడా పనికిరాదట. ఆ పంతులుగారే చెప్పారు. అందుకే ఎంత హాయిగా ఉందో!"

ముందు బెంచీలో ఉండే ఆ అమ్మాయికీ అత్తయ్యకీ స్నేహం కుదిరింది. ఇద్దరూ ఒక గొడుగు కింద నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. అత్తయ్యకు ఆ భాష అంతగా అబ్బలేదు. పాఠం షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, ఇంటికొచ్చాక తన గీతలే తనకు అర్థంకాక తల పట్టుకునేది. పరీక్షలో బొటాబొటీగా గట్టెక్కింది. పంతులుగారు మాత్రం గది అదిరేలా అభినందించారట.

అబ్బిన కాస్త భాషనూ ఇంట్లో వాడేది, ముఖ్యంగా నాన్న మీద. ఆయన బురదకాళ్లతో లోపలికొస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని, చచ్చిపోయి వేల ఏళ్లయిన ఆ భాషలో గుక్కతిప్పుకోకుండా వాయించేది. అందులో తిట్లున్నాయో దీవెనలున్నాయో మాకెవరికీ తెలిసేది కాదు. నాన్న మాత్రం చేతులు కట్టుకుని చివరిదాకా వినేవాడు.

"అర్థమైందిలే అక్కా, కడుక్కునే వస్తాను" అని మళ్లీ బయటికి నడిచేవాడు.